ట్రాన్స్‌ఫర్ దరఖాస్తులో సేవ స్థానం, చదువు స్థానం

అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీ నాలుగేళ్లూ ఒకే విశ్వవిద్యాలయంలో చదవాలన్న నియమం లేదు. మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కళాశాలలో తక్కువ ఫీజుతో చదివి, అక్కడ సంపాదించిన యూనిట్లతో మూడో ఏడాదికి విశ్వవిద్యాలయంలో చేరవచ్చు. దీనినే ట్రాన్స్‌ఫర్ అంటారు. కాలిఫోర్నియా రాష్ట్రంలో ఈ మార్గం 1960 నాటి ఉన్నత విద్యా మాస్టర్ ప్లాన్‌లోనే భాగం. అక్కడ 116 కమ్యూనిటీ కళాశాలలు ఉన్నాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు చెందిన 9 క్యాంపస్‌లు డిగ్రీ విద్యార్థులను చేర్చుకుంటాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ, మన రాష్ట్రాల నుంచి వెళ్లిన విద్యార్థులూ కొందరు ఈ దారిలో చదువుతున్నారు.

ఈ విద్యార్థులకు తరచుగా వచ్చే సందేహం ఒకటుంది: “సీటు రావాలంటే ఎన్ని గంటలు స్వచ్ఛంద సేవ చేయాలి?” దీనికి జవాబు గంటల లెక్కలో దొరకదు. దరఖాస్తు ఏమి అడుగుతుందో ముందుగా పరిశీలిద్దాం.

దరఖాస్తు అడిగేది

మూడో ఏడాదిలో చేరాలంటే 60 సెమిస్టర్ యూనిట్లు కావాలి. కనీస గ్రేడ్ సగటు కాలిఫోర్నియా నివాసులకు 2.4, ఇతరులకు 2.8. ఇది అర్హత మాత్రమే; పోటీ ఎక్కువగా ఉన్న శాఖల్లో సీటు పొందినవారి సగటు ఇంతకంటే చాలా ఎక్కువగా ఉంటుంది. వీటికి తోడు, మేజర్‌కు, అంటే ఎంచుకున్న ప్రధాన శాఖకు, పునాదిగా నిర్ణయించిన కోర్సులు పూర్తి చేయాలి. ఏ కళాశాల కోర్సు ఏ క్యాంపస్‌లో దేనికి సమానమో ‘అసిస్ట్’ అనే అధికారిక వెబ్‌సైటు చూపుతుంది.

ఆ తరువాత నాలుగు ప్రశ్నలకు, ఒక్కొక్కదానికి 350 పదాలకు మించకుండా, జవాబులు రాయాలి. వీటిలో ఒకటి ప్రతి ట్రాన్స్‌ఫర్ విద్యార్థీ తప్పక రాయవలసినది: ఎంచుకున్న మేజర్‌కు మీరు ఎలా సిద్ధమయ్యారు, పై స్థాయి కోర్సులను నెగ్గుకు రాగలరా అన్నది. మిగిలిన మూడింటిని ఏడు ప్రశ్నల నుంచి ఎంచుకోవచ్చు. కళాశాలకో, సమాజానికో మీరు చేసిన మేలు గురించిన ప్రశ్న ఈ ఏడింటిలో ఒకటి.

ఈ అమరికను గమనించండి. చదువుకు సంబంధించిన ప్రశ్న తప్పనిసరి. సేవకు సంబంధించినది ఐచ్ఛికం. కలనగణితం కోర్సు పూర్తికాని ఇంజనీరింగ్ అభ్యర్థి ఆ లోటును 300 గంటల సేవతో పూడ్చుకోలేడు.

సేవ తోడ్పడే తీరు

అలాగని సేవ వృథా కాదు. చదువు లక్ష్యానికి అది సాక్ష్యం కాగలదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. పర్యావరణ ఇంజనీరింగ్ చదవదలచిన ఒక విద్యార్థిని వారాంతాల్లో స్థానిక సంస్థతో కలిసి చెరువు నీటిని పరీక్షిస్తోందనుకోండి. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండగల ఆక్సిజన్ తగ్గుతుందని ఆమె రసాయనశాస్త్రంలో చదివింది. గాలితో సమతౌల్యంలో ఉన్న మంచినీటిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. కాబట్టి ఎండ మండే మధ్యాహ్నమే ఆక్సిజన్ కనిష్ఠంగా ఉంటుందని ఆమె ఊహించింది. కొలిచి చూస్తే కనిష్ఠ విలువ తెల్లవారుజామున వచ్చింది. కారణం నాచు. పగలు కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్ విడుదలవుతుంది. రాత్రి ఆ క్రియ ఆగిపోయినా నీటిలోని జీవులన్నీ శ్వాసిస్తూనే ఉంటాయి.

“నేను 120 గంటలు సేవ చేశాను” అని రాస్తే పరిశీలకుడికి తెలిసేది ఒక అంకె మాత్రమే. తన ఊహ ఎక్కడ తప్పిందో, ఆ తేడాను అర్థం చేసుకోవడానికి ఏ కోర్సు తీసుకుందో, పై తరగతుల్లో ఏమి నేర్వదలచిందో రాస్తే ఆమె సన్నద్ధత తెలుస్తుంది. అదే తప్పనిసరి ప్రశ్నకు జవాబు.

ప్రతి సేవా మేజర్‌తో ముడిపడాలని లేదు. వృద్ధులకు భోజనం అందించే భౌతికశాస్త్ర విద్యార్థి ఆ పనిని ఉన్నదున్నట్లుగా, సమాజానికి సంబంధించిన ప్రశ్న కింద రాయవచ్చు. లేని సంబంధాన్ని కల్పించనవసరం లేదు.

సేవకు తీరిక లేనివారు

ఇంటి బాధ్యతలతో, ఉద్యోగంతో చదివేవారు దిగులు పడనక్కరలేదు. దరఖాస్తులో కార్యకలాపాలు, పురస్కారాల భాగంలో 20 అంశాల వరకు నమోదు చేయవచ్చు. సేవతో పాటు ఉద్యోగ అనుభవానికీ అక్కడ ప్రత్యేక విభాగం ఉంది. దుకాణంలో వారానికి ఇరవై గంటలు పనిచేస్తూ మంచి గ్రేడ్లు నిలుపుకోవడం తక్కువ విషయం కాదు.

రెండు జాగ్రత్తలు

ఎఫ్-1 వీసాపై చదివేవారు ఒక తేడా తెలుసుకోవాలి. ధర్మసంస్థల్లో నిజంగా స్వచ్ఛందంగా జరిగే పని చేయవచ్చు. మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని జీతం లేకుండా చేసినంత మాత్రాన అది సేవ అయిపోదు. అనుమతి లేని ఉద్యోగంగా పరిగణించే ప్రమాదం ఉంది. వీసా హోదా పోతే చదువే ఆగిపోతుంది. కనుక పనిలో చేరకముందే కళాశాలలోని అంతర్జాతీయ విద్యార్థుల సలహాదారును సంప్రదించాలి.

రెండవది, చేయని సేవను రాయకూడదు. యూనివర్సిటీ కొన్ని దరఖాస్తులను ఎంపిక చేసి వివరాలకు రుజువులు అడుగుతుంది. చూపలేకపోతే దరఖాస్తు రద్దు కావచ్చు.

మొదటి సెమిస్టర్‌లో చేయవలసినవి

ముందుగా అసిస్ట్‌లో మీ మేజర్‌కు కావలసిన కోర్సుల జాబితా తీసి, ఏది ఏ సెమిస్టర్‌లో చదవాలో రాసుకోండి. ఆ పట్టికలో మిగిలిన తీరికను బట్టి, నెలల తరబడి కొనసాగించగల ఒక్క సేవను ఎంచుకోండి. వెళ్లిన రోజు తేదీ, చేసిన పని, కలిగిన సందేహం ఒక నోటు పుస్తకంలో నాలుగు వాక్యాల్లో రాయండి. దరఖాస్తులు స్వీకరించే అక్టోబరు, నవంబరు నెలలు వచ్చేసరికి 350 పదాలకు కావలసిన సామగ్రి మీ చేతిలోనే ఉంటుంది.