బ్యాటరీకీ తాళం తప్పనిసరి!
ఆరుబయట నిలిపిన ట్రాక్టర్లు, లారీలే చోరుల లక్ష్యం
ముందుజాగ్రత్తతోనే నష్టానికి అడ్డుకట్ట

వరంగల్‌: రాత్రి ఇంటి ముందు నిలిపిన ట్రాక్టరు తెల్లవారి తాళం తిప్పితే ఉలకదు, పలకదు. తీరా చూస్తే బ్యాటరీ ఉండవలసిన చోట తెగిన తీగలు వేలాడుతుంటాయి. డీజిల్‌ ట్యాంకు మూతకు తాళం వేసుకున్నవారు, స్టీరింగ్‌కు గొలుసు చుట్టినవారు సైతం బ్యాటరీని మాత్రం రెండు నట్ల మీద వదిలేస్తున్నారు. చేతిలో పానా ఉన్న దొంగకు దాన్ని విప్పడం కొద్ది నిమిషాల పని.

బ్యాటరీ ఖరీదు ఒక ఎత్తు, ఆ రోజు ఆగిపోయే పని మరో ఎత్తు. కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో ధాన్యాన్ని కొనుగోలు కేంద్రానికి చేర్చవలసిన ట్రాక్టరు కదలకపోతే కళ్లంలోని రాశి వానపాలయ్యే ప్రమాదం ఉంది. ఆసియాలోని పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఒకటిగా పేరొందిన వరంగల్‌ ఏనుమాముల యార్డుకు మిర్చి, పత్తి తెచ్చే వాహనాలు సీజన్‌లో రాత్రిళ్లు బారులు తీరి నిలవక తప్పదు. రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతరకు కుటుంబ సమేతంగా ట్రాక్టర్లు, వ్యాన్లలో తరలివెళ్లే భక్తులు వాహనాలను పొలాల్లోనే నిలిపి గద్దెల వద్దకు నడిచి వెళ్తారు. యజమాని కన్ను బండి మీద లేని ఇటువంటి సమయాలే చోరులకు అనువైనవి.

సీసమే అసలు ఆకర్షణ

ట్రాక్టర్లు, లారీల్లో వాడేవి ఎక్కువగా సీసం, గంధకామ్లంతో పనిచేసే 12 వోల్టుల బ్యాటరీలు. ఒక్కో బ్యాటరీలో ఆరు గదులుంటాయి. మొత్తం బరువులో సగానికి పైగా సీసమే. వాడి పారేసిన బ్యాటరీ సైతం తూకానికి అమ్ముడుపోవడానికి కారణం ఇదే. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌ వేడికే కరుగుతుంది. ఒకసారి కరిగి ముద్దయిన తరువాత అది ఏ బండి నుంచి వచ్చిందో పోల్చుకోవడం అసాధ్యం. అందువల్ల పోయిన తరువాత వెతకడం కంటే పోకుండా చూసుకోవడమే మేలు.

బ్యాటరీ ఉండే స్థానం కూడా దొంగకు కలిసివస్తోంది. చాలా ట్రాక్టర్లలో అది బానెట్‌ కింద ముందుభాగాన గానీ, డ్రైవరు మెట్టు పక్కన గానీ ఉంటుంది. బానెట్‌ను తెరవడానికి తాళం చెవి అవసరం లేని బండ్లే అధికం. 24 వోల్టులతో నడిచే లారీలకు రెండు బ్యాటరీలను జతచేసి చాసిస్‌ పక్కన పెట్టెలో అమరుస్తారు. దానిపై మూత ఉన్నా అది దుమ్ము, వాన నుంచి రక్షణకే తప్ప దొంగను ఆపేందుకు కాదు. ఒకే చోట రెండు బ్యాటరీలు దొరకడంతో నష్టమూ రెట్టింపవుతుంది.

ఈ బెడద మన ప్రాంతానికే పరిమితం కాదు. అమెరికాలో కారు వెనుక తగిలించుకుని విహారానికి తీసుకెళ్లే ఇల్లులాంటి ట్రైలర్లలో చాలావాటికి బ్యాటరీ ముందుభాగాన, కొక్కెం దగ్గర ఆరుబయటే ఉంటుంది. అక్కడి యజమానులు దానిని తాళం పడే ఇనుప పెట్టెలో బంధించి, పైన అడ్డంగా ఇనుప కడ్డీ బిగిస్తారు. ఇదే పద్ధతి మన ట్రాక్టరుకూ, లారీకీ చక్కగా సరిపోతుంది.

ఇనుప పెట్టె ఇలా ఉండాలి

ఊళ్లోని వెల్డింగ్‌ షాపులోనే ఇనుప యాంగిళ్లు, మందపాటి పట్టీలతో బ్యాటరీ కొలతకు తగిన చట్రాన్ని చేయించుకోవచ్చు. దానిని బండి చాసిస్‌కు గట్టిగా బిగించాలి. బిగించే బోల్టుల తలలు, నట్లు బయటి నుంచి పానాకు అందకూడదు. పెట్టె లోపలి వైపు నుంచి బిగిస్తే మూత తెరవనిదే వాటిని విప్పడం సాధ్యం కాదు.

ఎంత దృఢమైన పెట్టె అయినా తాళం బలహీనమైతే ప్రయోజనం శూన్యం. సన్నని కొండీ గల తాళాన్ని కటింగ్‌ ప్లేయరు వంటి పనిముట్లతో సులభంగా తెంపవచ్చు. కొండీ బయటకు కనిపించకుండా చుట్టూ ఇనుప రేకు అంచు పెట్టించాలి. గొళ్లేన్ని స్క్రూలతో కాక వెల్డింగ్‌తోనే అతికించాలి. కొందరు బ్యాటరీ పైనున్న ప్లాస్టిక్‌ పిడికి గొలుసు వేసి తాళం బిగిస్తుంటారు. పిడిని కోస్తే గొలుసు ఊడి చేతికి వస్తుంది. గొలుసు బ్యాటరీ పైభాగం మీదుగా చుట్టి చాసిస్‌కు చేరేలా ఉంటేనే ఫలితం.

భద్రత పేరుతో పెట్టెను గాలి చొరకుండా మూసివేయడం ప్రమాదకరం. చార్జింగ్‌ సమయంలో బ్యాటరీ నుంచి హైడ్రోజన్‌ వాయువు వెలువడుతుంది. అది పేరుకుపోతే చిన్న నిప్పురవ్వకే పేలుడు సంభవించవచ్చు. కాబట్టి పెట్టె పైభాగంలో గాలి రంధ్రాలు, అడుగున నీరు కారిపోయే రంధ్రాలు తప్పనిసరి. అడుగున రబ్బరు పలక పరిస్తే కుదుపులకు బ్యాటరీ దెబ్బతినదు. మూత లోపలి వైపు కూడా రబ్బరు అతికించాలి. ఇనుప మూత రెండు టెర్మినళ్లనూ ఒకేసారి తాకితే షార్ట్‌ సర్క్యూట్‌ అయి మంటలు లేచే అవకాశం ఉంది.

బండి మీద వెల్డింగ్‌ చేయించే ముందు బ్యాటరీని పూర్తిగా దించి దూరంగా ఉంచాలి. ఎలక్ట్రానిక్‌ కంట్రోల్‌ యూనిట్‌ ఉన్న కొత్త బండ్లలో దాని ప్లగ్గులను కూడా మెకానిక్‌ చేత విడదీయించాలి. లేనిపక్షంలో వెల్డింగ్‌ విద్యుత్తుకు అది కాలిపోయే ప్రమాదముంది.

స్విచ్‌ వేరు, తాళం వేరు

బ్యాటరీ తీగకు మధ్యలో అమర్చే కటాఫ్‌ స్విచ్‌ను చాలామంది దొంగతనానికి మందుగా భావిస్తున్నారు. స్విచ్‌ చెవిని తీసేస్తే బండిని స్టార్ట్‌ చేయడం కష్టమవుతుందన్న మాట నిజమే. విద్యుత్తు వృథా కాకుండానూ ఉంటుంది. కానీ బ్యాటరీని విప్పుకుపోయేవాడిని అది ఏమాత్రం ఆపలేదు.

అలారం విషయంలోనూ ఇదే మెలిక ఉంది. బండి బ్యాటరీ మీదే ఆధారపడిన అలారం, తీగ తెగిన మరుక్షణం మూగబోతుంది. లోపల సొంతంగా చిన్న బ్యాటరీ ఉన్న అలారాన్నే ఎంచుకోవాలి. జీపీఎస్‌ పరికరానికీ ఇదే వర్తిస్తుంది. పైగా అది బండి ఎక్కడుందో చెబుతుందే తప్ప బ్యాటరీ ఎక్కడికి పోయిందో చెప్పలేదు.

ఇంటికి తీసుకెళ్తుంటే..

పనులు లేని రోజుల్లో ట్రాక్టరు వారాల తరబడి కదలదు. అటువంటప్పుడు బ్యాటరీని విప్పి ఇంట్లో భద్రపరచడం ఉత్తమం. విప్పేటప్పుడు ముందుగా నెగిటివ్‌ తీగను, తరువాత పాజిటివ్‌ తీగను తీయాలి. బిగించేటప్పుడు నెగిటివ్‌ను చివరగా కలపాలి. నెగిటివ్‌ తీగ బండి ఇనుముకు కలిసి ఉన్నప్పుడు పాజిటివ్‌ నట్టు విప్పుతూ పానా పొరపాటున బాడీని తాకితే పెద్దఎత్తున నిప్పురవ్వలు లేస్తాయి. కొత్త తరం లారీల్లో ఇంజిన్‌ ఆపిన వెంటనే బ్యాటరీ తీయరాదు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో సూచించినంత సమయం ఆగాలి.

ఇంట్లో ఉంచిన బ్యాటరీని పిల్లలకు, పొయ్యికి దూరంగా, గాలి వచ్చే చోట నిలువుగా పెట్టాలి. పూర్తి చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. చార్జింగ్‌ లేకుండా ఎక్కువ కాలం వదిలేస్తే లోపలి పలకలు పాడవుతాయి. అప్పుడప్పుడూ చార్జింగ్‌ పెట్టించడం మరువరాదు.

ఆనవాళ్లుంటేనే ఆశ

దొంగ పట్టుబడినా దొరికిన బ్యాటరీల్లో తనది ఏదో నిరూపించుకోలేక రైతులు ఇబ్బంది పడే వీలుంది. ప్రతి బ్యాటరీ మీదా కంపెనీ వేసిన సీరియల్‌ నెంబరు ఉంటుంది. అది కొనుగోలు బిల్లు లేదా వారంటీ కార్డు మీద నమోదైందో లేదో దుకాణంలోనే సరిచూసుకోవాలి. బ్యాటరీని, సీరియల్‌ నెంబరును సెల్‌ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి. పైపెట్టెపై వాహనం నెంబరును చెరగని పెయింటుతో రెండు మూడు చోట్ల రాయించాలి. ఎర్రగా కాల్చిన మేకుతో నెంబరు వేసే పద్ధతి మాత్రం ప్రమాదకరం. పెట్టె చిల్లుపడి ఆమ్లం కారడమే కాక లోపలి వాయువు అంటుకునే ముప్పు ఉంది.

చట్టం ఏమంటోంది?

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం సాధారణ చోరీకి 303 సెక్షన్‌ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చు. సరకులను, ప్రయాణికులను చేరవేసే వాహనం నుంచి వస్తువులు దొంగిలిస్తే 305 సెక్షన్‌ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడే వీలుంది. రూ.5 వేల లోపు విలువైన సొత్తును తొలిసారి దొంగిలించినవారు దాని విలువను గానీ, సొత్తును గానీ తిరిగి అప్పగిస్తే సమాజ సేవనే శిక్షగా నిర్దేశించారు. కనుక పోయిన బ్యాటరీ విలువను చూపే బిల్లుకు ప్రాధాన్యం ఏర్పడింది.

భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత 173 సెక్షన్‌ ప్రకారం నేరం ఏ ఠాణా పరిధిలో జరిగిందన్న దానితో నిమిత్తం లేకుండా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దూరప్రాంతంలో లారీ నిలిపి నష్టపోయిన డ్రైవర్లకు ఇది ఊరట. ఎలక్ట్రానిక్‌ మాధ్యమంలో ఫిర్యాదు పంపినవారు మూడు రోజుల్లోగా వచ్చి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్‌ ప్రతిని ఉచితంగా పొందే హక్కు ఫిర్యాదుదారుకు ఉంది.

దొంగసొత్తు అని తెలిసి కొన్నవారూ 317 సెక్షన్‌ కింద శిక్షార్హులే. బిల్లు లేకుండా కారుచౌకగా వచ్చే పాత బ్యాటరీ జోలికి పోకపోవడం శ్రేయస్కరం. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు నమోదైన రీసైక్లింగ్‌ కేంద్రాలకే చేరాలి. పాతది దుకాణంలోనే ఇచ్చి కొత్తది తీసుకుంటే ధరలో కొంత తగ్గింపూ లభిస్తుంది.

బీమా మీదే భరోసా వద్దు

థర్డ్‌ పార్టీ బీమా మాత్రమే ఉన్న బండికి బ్యాటరీ పోతే పైసా రాదు. సమగ్ర బీమా ఉన్నా బండి మొత్తం కాక విడిభాగం మాత్రమే పోయినప్పుడు పరిహారం విషయంలో షరతులుంటాయి. బ్యాటరీ విలువలో సాధారణంగా 50 శాతం తరుగు కింద కోత పెడతారు. పాలసీ పత్రంలోని ఈ నిబంధనలను ముందే చదివించుకోవాలి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగిన చందంగా, పోయాక విచారించి ఫలితం ఉండదు.

రాత్రి బండి నిలిపే ముందు..

* బ్యాటరీ ఉన్న వైపు గోడకు దగ్గరగా, చేయి దూరకుండా నిలపాలి.
* మార్కెట్‌ వద్ద, జాతరలో రెండు బండ్ల బ్యాటరీ వైపులు ఎదురెదురుగా ఉండేలా పక్కపక్కనే పెట్టాలి.
* వీధిదీపం వెలుగులో, మనుషుల అలికిడి ఉన్నచోటనే ఆపాలి. బృందంగా వెళ్లినవారు వంతుల వారీగా కాపలా ఉండాలి.
* తాళం చెవిని టూల్‌ బాక్సులో గానీ, సీటు కింద గానీ దాచరాదు.
* చోరీ జరిగితే తెగిన తీగలను, పెట్టెను ముట్టుకోకుండా 112 నెంబరుకు ఫోన్‌ చేయాలి. బిల్లు, సీరియల్‌ నెంబరు ఫొటోతో ఠాణాలో ఫిర్యాదు చేయాలి.