పెళ్లిలో చీజ్ టేబుల్... పెద్దమ్మకీ అర్థమయ్యేలా!

దూరం నుంచి చూస్తే అచ్చం గులాబీ పువ్వే. ఎర్రటి రేకులు, మధ్యలో ముడుచుకున్న మొగ్గ, చుట్టూ ద్రాక్షపళ్లు, తెల్లటి చీజ్ ముక్కలు. కజిన్ పెళ్లికని గుంటూరు నుంచి డాలస్ వచ్చిన మా పెద్దమ్మ దాన్ని బీట్‌రూట్ అనుకుంది. ఒక రేకు తీసి క్రాకర్ మీద పెట్టుకుని సగం కొరికింది.

అది సలామీ. పంది మాంసం. పెద్దమ్మ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గుడ్డు కూడా ముట్టలేదు.

పక్కనున్న అమ్మాయి "ఆంటీ, అది నాన్‌వెజ్..." అనేసరికి ప్లేటు కింద పెట్టేసింది. గొడవ చేయలేదు. పెళ్లివారి ముందు ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి కాసిని మజ్జిగ తాగి పడుకుంది.

ఇందులో క్యాటరర్ తప్పేం లేదు. ఆ టేబుల్ సర్దింది నేనే! సలామీని వైన్ గ్లాసు అంచు మీద మడిచి గులాబీలు చేయడం వీడియోలు చూసి నేర్చుకున్నాను. పన్నెండు పువ్వులు చేసి, రీల్ కూడా పెట్టాను. పక్కన ఒక్క చీటీ రాసిపెట్టాలని మాత్రం తోచలేదు.

అమెరికాలో మనవాళ్ల రిసెప్షన్లలో ఇప్పుడు ఇలాంటి టేబుళ్లు బాగానే కనిపిస్తున్నాయి. పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఫొటోలు దిగే గంటసేపు అతిథులు ఖాళీగా కూర్చోకుండా చీజ్, మాంసం ముక్కలు, పళ్లు, నట్స్ పరిచేస్తారు. ఎవరిక్కావాల్సింది వాళ్లు తీసుకోవడమే. గ్రేజింగ్ టేబుల్ పేరుతో హైదరాబాద్ సంగీత్ ఫంక్షన్లకూ వచ్చేసింది. మీ ఇంట్లోనూ అలాంటి ప్లాన్ ఉంటే, నేను చేసిన తప్పు మీరు చేయకండి.

అసలేంటీ షార్కుటరీ?

ఇది ఫ్రెంచి మాట. 'మాంసం', 'వండిన' అనే రెండు పదాలు కలిసి పుట్టింది. ఫ్రిజ్‌లు లేని కాలంలో మాంసాన్ని, ముఖ్యంగా పంది మాంసాన్ని, ఉప్పు పట్టించో పొగ పెట్టో ఆరబెట్టో నిలవ చేసుకునే విద్య. మన ఒట్టి తునకల వెనకున్న ఆలోచనా అదే. ఇటలీ వాళ్ల ప్రొషుటో అంటే పంది వెనక తొడకి ఉప్పు పట్టించి నెలల తరబడి ఆరబెట్టి, కాగితమంత పల్చగా కోసేది. సలామీ అంటే కీమాని ఉప్పూ మసాలాలతో కలిపి, తొడుగులో కూరి, పులియబెట్టి ఆరబెట్టేది. ఇప్పుడు వీటి పక్కన చీజ్, పళ్లు, ఆలివ్‌లు చేర్చి మొత్తం పళ్లేన్నే షార్కుటరీ అనేస్తున్నారు.

మన బంతి భోజనంలో వడ్డించేవాళ్లు ఉంటారు. "ఇందులో ఉల్లిపాయ లేదండీ, వేయమంటారా?" అని అడిగి మరీ వేస్తారు. సెల్ఫ్ సర్వ్‌లో అలా అడిగేవాళ్లు లేరు. అంటే ఆ మనిషి చెప్పే జవాబులన్నీ టేబులే చెప్పాలి. ఇదేంటి, ఎవరు తినొచ్చు, ఎంతసేపటి నుంచి బయటుంది... ప్లానింగ్ అంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే.

ముందు గెస్ట్ లిస్ట్, తర్వాతే షాపింగ్ లిస్ట్

ఆహ్వానానికి వస్తున్నారో లేదో కనుక్కునేటప్పుడే నాలుగు విషయాలు అడిగేయండి. వెజ్ ఆ, నాన్‌వెజ్ ఆ? పోర్క్, బీఫ్ తింటారా? హలాల్ కావాలా? నట్స్ అలర్జీ ఉందా? వాట్సాప్‌లో చిన్న ఫామ్ పంపితే చాలు. పెద్దవాళ్లకి మాత్రం ఫోన్ చేయండి, ఫామ్ నింపరు.

మన పెళ్లిలో బీఫ్ పెట్టకపోవడమే తేలిక. పోర్క్ పెట్టినా, దానికి దీటుగా చికెన్‌వో టర్కీవో కూడా ఉండాలి. ఇక్కడో మెలిక ఉంది. పేరు టర్కీ సాసేజ్ అయినా పై తొడుగు పందిది కావచ్చు. ప్యాకెట్ వెనక పదార్థాల లిస్ట్ చివరిదాకా చదవాల్సిందే.

చీజ్ అంతా వెజ్ కాదు!

నాకు అన్నిటికన్నా ఆలస్యంగా తెలిసిన సంగతి ఇది. పనీర్ చేయాలంటే మనం పాలలో నిమ్మరసం పిండుతాం. చాలా రకాల చీజ్‌కి పాలు గడ్డకట్టించడానికి రెనెట్ వాడతారు. సంప్రదాయ పద్ధతిలో అది పాలు తాగే దూడ పొట్ట నుంచి తీసే ఎంజైమ్. ఇటలీ అసలు సిసలు పార్మిజానో రెజ్జానో, గ్రానా పడానో రెండూ దూడ రెనెట్‌తోనే చేస్తారు. స్విస్ గ్రూయెర్‌దీ అదే దారి. పెద్దమ్మ లాంటివాళ్లకి ఇవి చెప్పకుండా పెడితే సలామీ పెట్టినదానికి పెద్ద తేడా ఉండదు.

అదృష్టవశాత్తూ దారి ఉంది. సూక్ష్మజీవులతో తయారైన ఎంజైమ్‌ని 1990లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. ఇప్పుడు చాలా చెడ్డర్, గౌడా రకాలు దానితోనే వస్తున్నాయి. చిక్కేంటంటే అక్కడి లేబుల్ మీద ఒక్కోసారి 'ఎంజైమ్స్' అని మాత్రమే ఉంటుంది. అది దూడదో కాదో తెలీదు. 'మైక్రోబియల్' అనో 'వెజిటేరియన్ రెనెట్' అనో స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. ఇండియాలో అయితే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూస్తే సరిపోతుంది.

నా సలహా: టేబుల్ మీద ఉన్న చీజ్‌లన్నీ వెజ్ రెనెట్‌వే పెట్టండి. ఇది వెజ్ చీజ్, అది కాదు అని విడదీసే తలనొప్పి ఉండదు. మెత్తటిది ఒకటి, మధ్యస్థంగా ఉండేది ఒకటి, గట్టిది ఒకటి... మూడు రకాలు చాలు. ఘాటు వాసన వచ్చే బ్లూ చీజ్ సరదాగా కొంచెం పెట్టొచ్చు గానీ, దాన్ని చూసి "బూజు పట్టింది" అని ఎవరో ఒకరు పక్కకి తీసేయడం ఖాయం!

ఎంత కొనాలి?

తర్వాత డిన్నర్ ఉందంటే మనిషికి 2 ఔన్సుల చీజ్, 2 ఔన్సుల మాంసం లెక్క వేసుకోవచ్చు. అంటే ఒక్కోటి 55, 60 గ్రాములు. టేబులే భోజనం అయితే రెట్టింపు చేయండి.

120 మంది వస్తున్నారు, అందులో 40 మంది శాకాహారులు అనుకుందాం.

• చీజ్: 120 మందికి 15 పౌండ్లు. దాదాపు 7 కిలోలు.
• మాంసం: 80 మందికి 10 పౌండ్లు. దాదాపు నాలుగున్నర కిలోలు. ఇందులో సగం చికెన్, టర్కీ.
• మాంసానికి బదులు వెజ్ ఐటమ్స్: హమ్మస్, కాల్చిన పనీర్, వేయించిన కూరగాయలు. శాకాహారుల లెక్క ప్రకారం 5 పౌండ్లు చాలు. కానీ 8 తెచ్చుకోండి. నాన్‌వెజ్ వాళ్లూ వీటి మీద చేయి వేస్తారు, చివరికి వెజ్ వాళ్లకే మిగలదు.
• క్రాకర్లు, బ్రెడ్: మనిషికి ఐదు చొప్పున 600. ఒక బగెట్‌ని పల్చగా కోస్తే 20, 25 ముక్కలొస్తాయి. పది బగెట్లు తీసుకుని మిగతాది క్రాకర్లతో నింపేయండి.

పళ్లు, ఆలివ్‌లు, తేనె, నట్స్ టేబుల్ నిండుగా కనిపించడానికే. చీజ్‌తో పోలిస్తే ద్రాక్ష చాలా చవక. ఖాళీల్లో అవే నింపండి. చిన్నపిల్లలు ఉంటే ద్రాక్షని నిలువుగా కోయండి, గుండ్రటి పండు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. బడ్జెట్ తగ్గాలంటే చీజ్ రకాలు తగ్గించండి, పరిమాణం కాదు. ఒకే రకం పెద్ద దిమ్మ హోల్‌సేల్ స్టోర్‌లో కొంటే మంచి తేడా వస్తుంది.

ఒకటి కాదు, రెండు టేబుళ్లు

వెజ్, నాన్‌వెజ్ ఒకే చెక్కపలక మీద అందంగా కలిపి పేర్చడం ఫొటోకి బాగుంటుంది. తినేవాళ్లకి బాగుండదు. మాంసం తగిలిన పటకారుతోనే తర్వాతి మనిషి చీజ్ తీసుకుంటాడు. అందుకే టేబుళ్లే వేరు చేయండి. నాలుగడుగుల దూరం, వేరే రంగు గుడ్డ, దేని పటకార్లు దానివే. వెజ్ టేబుల్ లోపలికి రాగానే ముందు కనిపించేలా వేయండి. రెండు వైపులా మనుషులు నిలబడే చోటుంటే క్యూ సగమవుతుంది.

నట్స్ ఎప్పుడూ గిన్నెల్లోనే, టేబుల్‌కి ఒక చివర. చీజ్ మీద చల్లేస్తే అలర్జీ ఉన్నవాళ్లకి ఏరుకునే వీలుండదు. గట్టి చీజ్‌ని ముందే ముక్కలు కోసి పెట్టండి. చేతిలో ప్లేటు పట్టుకుని, పట్టుచీర సర్దుకుంటూ ఎవరూ కత్తితో కుస్తీ పట్టరు.

ఇక చీటీలు. పేరొక్కటే రాస్తే లాభం లేదు. 'ప్రొషుటో' అని చదివి మా పెద్దమ్మకి ఏం అర్థమవుతుంది? 'పంది మాంసం' అని తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పెద్ద అక్షరాలతో ఉండాలి. చీజ్ అయితే: ఆవు పాలా, మేక పాలా, వెజ్ రెనెట్టా, పాశ్చరైజ్ చేసిందా. ఈ చివరిది గర్భిణుల కోసం. పచ్చి పాలతో చేసిన మెత్తటి చీజ్‌లు, వేడి చేయని కోల్డ్ కట్స్ వాళ్లు తినకూడదని డాక్టర్లు చెబుతారు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరగగలదు.

గడియారం మీద కన్నేయండి

అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే నియమం సింపుల్. పాడయ్యే పదార్థం ఫ్రిజ్ బయట రెండు గంటలకి మించి ఉండకూడదు. ఎండ 32 డిగ్రీల సెల్సియస్ దాటితే గంటే. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో లాన్‌లో పెట్టాలనుకునేవాళ్లు ఈ గంట లెక్క గుర్తుపెట్టుకోండి. ఏసీ హాల్ ఉంటే లోపలే పెట్టండి.

మరోవైపు చీజ్ మరీ చల్లగా ఉన్నా రుచి తెలీదు. అరగంట ముందు బయట పెట్టాలి. ఉదాహరణకి ఐదింటికి అతిథులొస్తారంటే:

• ముందురోజు: గట్టి చీజ్ కోసి, గాలి తగలకుండా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. పళ్లు కడిగి ఆరబెట్టాలి. చీటీలు రాసేయాలి.
• 4:30: సగం చీజ్ మాత్రమే బయటికి.
• 4:45: మాంసం, పళ్లు. కోసిన ఆపిల్ ముక్కలు నల్లబడకుండా నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి తీయండి.
• 4:55: క్రాకర్లు అన్నిటికన్నా ఆఖరున. ముందే పెడితే మెత్తబడతాయి.
• 6:30: మిగిలింది తీసేయడమే. "అయ్యో, ఇంత ఖరీదుది" అని మళ్లీ డిన్నర్‌లో పెట్టకండి.

మధ్యలో అయిపోతే పాత పళ్లెంలోనే కొత్త ముక్కలు పోయకూడదు. పళ్లెం మొత్తం మార్చాలి. లేకపోతే అడుగునున్న ముక్క ఎప్పటిదో ఎవరికీ తెలీదు.

ఈ పని ఎవరు చూస్తారన్నది ముందే తేల్చుకోండి. పెళ్లికూతురు కాదు, వాళ్లమ్మ అసలే కాదు. ఫోన్‌లో అలారం పెట్టుకుని రెండు గంటలు అక్కడే ఉండే ఇద్దరు కజిన్లు చాలు. ఇంకో మాట. చాలా ఫంక్షన్ హాళ్లు బయటి ఫుడ్‌ని ఒప్పుకోవు, లైసెన్స్ ఉన్న క్యాటరరే ఉండాలంటాయి. ఒక్క చీజ్ ముక్క కొనకముందే హాల్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. వాళ్ల ఫ్రిజ్‌లో చోటిస్తారో లేదో కూడా అప్పుడే అడగండి.

మళ్లీ పెద్దమ్మ

మొన్న మా తమ్ముడి పెళ్లికి టేబుల్ మళ్లీ నేనే సర్దాను. గులాబీలు చేయలేదు. పద్నాలుగు చీటీలు రాశాను. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని వెజ్ టేబుల్ ముందు నిలబడి ఒక్కోటీ పైకే చదివింది. "చెడ్డర్. ఆవు పాలు. వెజ్ రెనెట్... రెనెట్ అంటే ఏంటే?"

చెప్పాను. దూడ సంగతి కూడా దాచకుండా చెప్పాను. కాసేపు ఆలోచించింది. "మరి ఇందులో లేదుగా?" అని ఇంకోసారి అడిగింది. లేదన్నాక ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.

"ఉప్పగా బానే ఉంది గానీ, కారం లేదే" అంది. రెండో ముక్క ప్లేటులో వేసుకుని, ఆవకాయ ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లిపోయింది.