ఆరు ప్రశ్నలు.. అమ్మకో ఫోన్!

కారు తాళాల కోసం రోజూ వెతుకులాట, సగంలో ఆగిన పనులు, మీటింగ్‌లో కూర్చున్నా ఎక్కడో తిరిగే మనసు.. వీటిని మన ఇళ్లలో ‘నిలకడ లేకపోవడం’ అనేస్తాం. కొందరిలో దీనికి కారణం ఏడీహెచ్‌డీ కావచ్చు. ఇది పిల్లలకే పరిమితం కాదు, కుటుంబాల్లోనూ వస్తుంది. పిల్లలకు పరీక్షలు చేయించేటప్పుడు ‘నాదీ ఇదే కథ’ అని గుర్తించే తల్లిదండ్రులు ఉన్నారు.

పెద్దల్లో దీన్ని ప్రాథమికంగా గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘ఏఎస్‌ఆర్‌ఎస్’ ప్రశ్నావళిని విరివిగా వాడతారు. మొత్తం 18 ప్రశ్నల్లో మొదటి 6 కీలకం. పనిని చివరిదాకా ముగించలేకపోవడం, పద్ధతిగా సర్దుకోలేకపోవడం, అపాయింట్‌మెంట్లు మరచిపోవడం, బుర్ర పెట్టాల్సిన పనిని వాయిదా వేయడం, కూర్చున్నచోట కాళ్లూ చేతులూ ఆడించడం, మోటారు బిగించినట్టు ఆగలేకపోవడం.. గత 6 నెలల్లో ఇవి ఎంత తరచుగా జరిగాయో చెప్పాలి. మొదటి మూడింటికి ‘అప్పుడప్పుడు’ లేదా అంతకంటే ఎక్కువ, మిగతా మూడింటికి ‘తరచుగా’ లేదా అంతకంటే ఎక్కువ అన్న జవాబులే లెక్కలోకి వస్తాయి. అలాంటివి నాలుగు ఉంటే డాక్టర్‌ను కలవాలని అర్థం. అంతేగానీ ఏడీహెచ్‌డీ ఉన్నట్టు తీర్పు కాదు. నిద్రలేమి, థైరాయిడ్ సమస్య, ఆందోళన, డిప్రెషన్‌లోనూ ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి. అర్ధరాత్రి దాకా ఇండియా కాల్స్‌లో ఉండేవారు ముందు తమ నిద్ర సంగతి చూసుకోవాలి.

అసలు మెలిక బాల్యం దగ్గరుంది. అమెరికాలో వైద్యులు అనుసరించే డీఎస్‌ఎం-5 ప్రకారం కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. ఇప్పుడు ఇంటా ఆఫీసులోనూ ఇబ్బంది పెడుతుండాలి. మన బాల్యానికి సాక్షులేమో ఊళ్లో ఉన్నారు. అమ్మానాన్నలకు ఫోన్ చేసి ‘నాకేదైనా జబ్బు ఉండేదా?’ అంటే కంగారు పడతారు. హోంవర్క్ ఎవరైనా పక్కన కూర్చుంటేనే చేసేవాళ్లమా, పెన్నులు, గొడుగులు ఎన్ని పోగొట్టాం, టీచర్లు ఏమని ఫిర్యాదు చేసేవారు.. ఇలా అడగండి. బీరువాలో పాత ప్రోగ్రెస్ కార్డులుంటే ఫొటో తీసి పంపమనండి.

‘మంచి ర్యాంకు వచ్చింది కదా, ఇంక సమస్యేంటి?’ అన్న వాదనా సరికాదు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా గంట కొట్టి చదివించే ఇంటర్ హాస్టల్‌లో ఆ లోటు బయటపడకపోవచ్చు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, పన్నుల లెక్కలు అన్నీ సొంతంగా చూసుకోవాల్సి వచ్చినప్పుడే అది తెలుస్తుంది.

నింపిన ప్రశ్నావళి, ఇంటి నుంచి తెలిసిన వివరాలు రెండూ పట్టుకుని ముందు ఫ్యామిలీ డాక్టర్‌ను కలవండి. ఏడీహెచ్‌డీ అని తేలితే మందులు, థెరపీ ఉన్నాయి. కాదని తేలితే అసలు కారణం ఏమిటో వెతికే దారి దొరుకుతుంది.