మూయుటయు క్యాము పనియే

పాత మోటారుసైకిలును ఇంట విప్పి బాగుచేయు అభ్యాసము గలవారికి సిలిండరు హెడ్డులోని ఏర్పాటు క్రొత్తది కాదు: క్యాము రాకరును లేపును, రాకరు కవాటమును త్రోయును, స్ప్రింగు దానిని మరల మూయును. కాని 1968లో వెలువడిన డుకాటి మార్క్ 3 డి హెడ్డు మూతను తీసినవాడు, ఉన్న రెండు కవాటములకు నాలుగు క్యాములును నాలుగు రాకరులును అమర్చియుండుట చూచి, ఈ దుబారా ఏల యని విస్మయపడక మానడు.

నిమిషమునకు 12,000 సారులు తిరుగు చతుర్ఘాత యంత్రములో ప్రతి కవాటమును సెకనుకు 100 సారులు తెరచుకొని మూసికొనవలెను. తెరచు క్రియ క్యామునకు అధీనము గనుక అందు ఆలస్యము లేదు. మూయు క్రియ మాత్రము స్ప్రింగు దయపై ఆధారపడియున్నది. కవాటమునకు జడత్వము కలదు. వేగము రెట్టింపైనచో దానిని అదుపులో నుంచుటకు కావలసిన బలము నాలుగు రెట్లగును. స్ప్రింగు బలమో, వేగముతో పెరుగదు. అందుచే ఒకానొక వేగము దాటినంతనే రాకరు క్యామును వీడును, కవాటము సకాలమున మూతపడదు, పైకి వచ్చు పిస్టను దానికి తగిలి కాడను వంచును. గట్టి స్ప్రింగు వేయుదమన్న, క్యాము అరుగును, శక్తి వ్యర్థమగును. ఆ కాలపు స్ప్రింగులు ఆ శ్రమకు తాళలేక విరుగుటయు కలదు.

1954లో బొలోన్యా నగరమందలి డుకాటి సంస్థలో చేరిన ఫాబియో టాల్యోని ఈ చిక్కును మూలముననే త్రెంపదలచెను: తెరచుటకొక క్యాము ఉన్నట్లే మూయుటకును ఒక క్యాము ఉండవలెను. డెస్మోడ్రామిక్ అను ఈ పద్ధతిని ఆయన మొదట కనిపెట్టలేదు. మెర్సిడెస్ వారు 1954, 55 సంవత్సరములలో తమ ఎనిమిది సిలిండరుల రేసుకారునందు దానిని వాడి, విజయములు గడించి, విడిచిపుచ్చిరి. టాల్యోని దానిని ఒంటి సిలిండరు గల 125 సీసీ బండిలోనికి దించెను. ప్రక్కలనున్న రెండు క్యాముషాఫ్టులు కవాటములను తెరచుచుండ, నడుమనున్న మూడవది రెంటిని మూయుచుండెను. 1956లో స్వీడన్ దేశపు హెడెమొరాలో ఆ బండి తొలి పందెముననే గెలిచెను.

మార్క్ 3 డి నాటికి ఆ మూడు షాఫ్టుల పని ఒక్కదానిపైననే ఇమిడెను. దాని నడక తెలియవలెనన్న చల్ల చిలుకుట చూచిన చాలును: కవ్వపు త్రాటిని ఒక చేయి లాగినంత రెండవ చేయి వదలును, అది లాగినంత ఇది వదలును, ఏ దిశకును త్రాడు సాగి మరల ముడుచుకొనవలసిన పని లేదు. అట్లే తెరచు క్యాము ఉబ్బినచోట మూయు క్యాము తగ్గియుండును. మూయు రాకరు కొన చీలియుండి, కవాటపు కాడకు చిన్న అర్ధవలయములతో నిలిపిన షిమ్మును, అనగా సందు సరిచేయు లోహపు బిళ్ళను, క్రిందనుండి పట్టి పైకెత్తును. చివర మిగిలిన వెంట్రుకవాసి సందును సిలిండరులోని వాయుపీడనము పూడ్చి, కవాటమును దాని పీటపై అదిమివేయును.

అయితే స్ప్రింగు కొలతలోని చిన్న లోపములను తన సాగుదలచే కప్పిపుచ్చును. ఈ ఏర్పాటు కప్పిపుచ్చదు. కనుకనే ఇంటి మరమ్మతులో అత్యధిక కాలమును హరించునవి ఈ షిమ్ములు. మూయు షిమ్మును వ్రేళ్లతో త్రిప్పినచో అడ్డులేక తిరుగవలెను, పైకి క్రిందికి మాత్రము ఆడరాదు. తెరచు షిమ్ము మందమైనచో గాజుపలకపై పరచిన ఎమరీ కాగితముమీద మెల్లగా రుద్ది, మైక్రోమీటరుతో కొలిచి, మరల రుద్దవలెను. క్రాంకునుండి నిలువు షాఫ్టు ద్వారా క్యామునకు చలనము నిచ్చు బెవెల్ గేర్లును ఇట్లే పలుచని వాషర్లతో సరిపడవలెను. బిగువైన అవి ఊళపెట్టును, వదులైన చప్పుడు చేయును.

తరువాతి చరిత్ర సుప్రసిద్ధము. 1972లో ఇమోలా పందెమున పాల్ స్మార్ట్, బ్రూనో స్పజ్యారీ డుకాటి 750లపై మొదటి రెండు స్థానములు గైకొనిరి. 1979లో పాంటా అను బండితో నిలువు షాఫ్టు స్థానమున బెల్టు వచ్చెను. 2007లో కేసీ స్టోనర్ డుకాటిపై మోటోజీపీ జగజ్జేత యయ్యెను. 2020లో డుకాటి వారే మల్టీస్ట్రాడా వీ4 అను దూరప్రయాణపు బండికి స్ప్రింగులను వేసి, 60,000 కిలోమీటర్ల వరకు కవాటములను తనిఖీ చేయనక్కరలేదని ప్రకటించిరి. ప్రయాణికునకు అది గొప్ప సౌకర్యమే. ఆదివారము షిమ్ములు రుద్దుటకే పాత డుకాటిని కొన్నవానికి మాత్రము అందులో ఆకర్షణ యేమియు లేదు.