కొత్త రంగు చేపల తొట్టికి పాత ఫిల్టర్ స్పాంజితో తోడు వేయండి

పెరట్లో సిమెంటు తొట్లు కట్టుకుని గోల్డ్ ఫిష్, మోలీ, గప్పీ వంటి రంగు చేపలు పెంచే రైతులు చాలామంది మొదటి బ్యాచ్‌లోనే నష్టపోతుంటారు. నీరు తేటగానే ఉంటుంది, చేపలు మేత బాగానే తింటాయి. వారం, పది రోజులు గడిచేసరికి పైకి వచ్చి నోరు తెరుస్తూ ఒక్కొక్కటిగా చనిపోతాయి. చెన్నై కొళత్తూరు నుంచి వచ్చిన సరుకే మంచిది కాదనుకుని మళ్లీ కొని వదిలితే మళ్లీ అదే జరుగుతుంది. ఇలాంటప్పుడు చాలాసార్లు లోపం చేపలో ఉండదు, తొట్టి కొత్తది కావడమే కారణం.

చేపల విసర్జన, మిగిలిపోయిన మేత నుంచి అమోనియా పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దీన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషమే. నైట్రేట్ వల్ల హాని చాలా తక్కువ. ఈ బాక్టీరియా వాటంతట అవే పెరిగి తొట్టి కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఇప్పటికే బాగా నడుస్తున్న తొట్టి నుంచి ఫిల్టర్ స్పాంజి తెచ్చి పెడితే, పాలకు తోడు వేసినట్టే, వారం పది రోజుల్లో పని అవుతుంది.

ఇక్కడ ఒక అపోహ ఉంది. పాత తొట్టి నీళ్లు రెండు బకెట్లు తెచ్చి పోస్తే చాలనుకుంటారు. ఈ బాక్టీరియా నీటిలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. స్పాంజి, గులకరాళ్లు, గోడల మీద జిగురు పొరలా అతుక్కుని ఉంటుంది. కాబట్టి తేవాల్సింది స్పాంజి, రాళ్లే. ఆక్వా షాపుల్లో దొరికే ప్రోబయోటిక్ పొడుల్లో ఎక్కువగా ఉండేది బాసిల్లస్ రకం. అది అడుగు మురికిని కరిగిస్తుంది గానీ అమోనియాను నైట్రేట్‌గా మార్చే పని చేయదు.

ఎక్కడి నుంచి, ఎంత తేవాలి?

కనీసం రెండు మూడు నెలలుగా చేపలతో నడుస్తున్న తొట్టి నుంచే తీసుకోవాలి. గత నెల రోజుల్లో అందులో తెల్లమచ్చ, చేప పేను, రెక్కల కుళ్లు వంటివి కనిపించినా, మిథిలీన్ బ్లూ లేదా యాంటీబయోటిక్ వాడినా ఆ స్పాంజి వద్దు. స్పాంజితో పాటు రోగం కూడా వస్తుంది. మందు పడిన స్పాంజిలో పనికొచ్చే బాక్టీరియా చచ్చి ఉండవచ్చు. మీ సొంత తొట్టి నుంచి తీసుకోవడమే అన్నిటికన్నా మంచిది.

మూడో వంతుకు మించి తీయకూడదు. ఎక్కువ తీస్తే పాత తొట్టిలో అమోనియా పెరిగి ఉన్న చేపలు పోతాయి. తెచ్చిన తోడు మోసే బరువు కూడా అంతే. 90 చేపలున్న తొట్టి స్పాంజిలో మూడో వంతు తెస్తే, మొదట వదలాల్సింది అదే సైజు చేపలు 20 నుంచి 25 మాత్రమే. లెక్కకు 30 వచ్చినా, పాత తొట్టిలో కొంత పని గోడలు, రాళ్లు కూడా చేస్తుంటాయి.

స్పాంజిని కుళాయి కింద కడగకూడదు, క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది. ఆ తొట్టి నీటిలోనే ముంచి బకెట్‌లో, నీడలో, మూత బిగించకుండా తేవాలి. కొద్ది గంటల్లోనే కొత్త తొట్టిలో పెట్టి ఏరేటర్ ఆన్ చేయాలి. ఈ బాక్టీరియాకు ఆక్సిజన్ తప్పనిసరి. కరెంటు పోతే గాలి ఆగకుండా బ్యాటరీ పంపు ఉంచుకోండి.

కొత్త తొట్టి ముందే సిద్ధంగా ఉండాలి. కొత్త సిమెంటు నుంచి సున్నం దిగి పి.హెచ్ పెరుగుతుంది. నీళ్లు నింపి, మూడు నాలుగు రోజులకొకసారి మారుస్తూ రెండు మూడు వారాలు నానబెట్టాలి. ఇది వదిలేస్తే తోడు వేసి లాభం లేదు. 30 డిగ్రీల నీటిలో పి.హెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమోనియాలో విషపు భాగం సుమారు తొమ్మిది పది రెట్లవుతుంది. మున్సిపల్ నీళ్లయితే 24 గంటలు గాలి పెట్టి, క్లోరిన్ పోయిందని చూసుకున్నాకే వాడాలి.

పరీక్షించి వదలండి

తోడు పెట్టాక చేపలు వదలకుండా, 500 లీటర్లకు 3 నుంచి 4 గ్రాముల శుద్ధమైన అమ్మోనియం క్లోరైడ్ కలపండి. అమోనియా దాదాపు 2 పి.పి.ఎం. వస్తుంది. ఇదే బాక్టీరియాకు మేత. 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే తొట్టి సిద్ధం. రాకపోతే రోజూ చూస్తూ, రెండూ తగ్గాక మళ్లీ కలపాలి. అమోనియా ఒక్కటే పోయి నైట్రైట్ మిగిలితే సగం పనే అయినట్టు, తొందరపడవద్దు. పరీక్ష కిట్లు అక్వేరియం షాపుల్లో దొరుకుతాయి. భీమవరం, కైకలూరు వైపు రైతులు రొయ్యల చెరువు నీళ్లు చూపించుకునే ల్యాబ్‌లోనే చూపించుకోవచ్చు. సిద్ధమైన తొట్టిలో మూడో వంతు నీళ్లు మార్చి, ఆ రోజో మర్నాడో చేపలు వదలాలి. చేపలు లేకుండా, మేత అందకుండా వారాలు ఉంచితే బాక్టీరియా తగ్గిపోతుంది.

వదిలిన తర్వాత మొదటి పది రోజులు మేత సగమే వేయండి. అమోనియా లేదా నైట్రైట్ కనిపిస్తే మేత ఆపి, మూడో వంతు నీళ్లు మార్చాలి. ఫిల్టర్‌ను మాత్రం కదపకూడదు. నైట్రైట్ ఎక్కువై మొప్పలు గోధుమ రంగుకు తిరిగితే 1000 లీటర్లకు 1 కిలో అయోడిన్ లేని కల్లుప్పు కరిగించి పోస్తే విషం చేప రక్తంలోకి చేరడం తగ్గుతుంది. రెండు వారాలు వరుసగా సున్నా చూపిస్తేనే మిగతా చేపలు తేవాలి.

అన్నిటికన్నా పాత తొట్టిలో ఒక స్పాంజి అదనంగా ఎప్పుడూ వేసి ఉంచుకోండి. తర్వాత కట్టే తొట్టికి తోడు మీ దగ్గరే ఉంటుంది.