మేడమీది ఎండకు వీధితీగ హద్దు

మూడు కిలోవాట్ల సోలారు ప్యానెళ్లను మేడమీద పెట్టించుకొని, మొదటి సంవత్సరము కరెంటు బిల్లు తగ్గుట చూచి సంతసించిన గృహస్థుడు, పడకగదికి రెండవ ఏసీయు, వాకిట విద్యుత్ స్కూటరును, వంటింట ఇండక్షన్ పొయ్యియు వచ్చి చేరిన పిమ్మట, మేడపై ఇంకను ఖాళీ ఉన్నది గదా, మరి నాలుగు కిలోవాట్లు పెంచుకొందమని విద్యుత్ కార్యాలయమునకు పోగా, “మీ సర్వీసుకు ఇంతకు మించి అనుమతి లేదు” అను సమాధానము వినవలసివచ్చుట నేడు సూర్యశక్తి విరివిగా వ్యాపించిన దేశములన్నిటను సామాన్యమైపోయినది. ఆ మాట వినినవానికి ఇది కార్యాలయమువారు కల్పించిన అభ్యంతరమని తోచుట సహజమే. కాని ఆ హద్దునకు మూలము ఇంటినుండి వీధిస్తంభమునకును, స్తంభమునుండి ట్రాన్స్‌ఫార్మరునకును సాగిపోవు అల్యూమినియము తీగయందున్నది. ఆ తీగ స్వభావమును చక్కగా గ్రహించినవానికి, హద్దును అతిక్రమింపకయే ఇంటి సూర్యశక్తిని పెంచుకొనుటకు మార్గములు పెక్కు గోచరించును.

మన వీధిలైన్లు నిర్మింపబడిన కాలమున విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మరునుండి ఇండ్లకు వచ్చుటయే గాని, ఇండ్లనుండి వెనుకకు పోవుట అనునది ఎవరి ఊహయందును లేదు. లైను పొడవునను వోల్టేజి క్రమముగా తగ్గిపోవును గనుక, కొసయింటివానికి అది మరీ పడిపోకుండుటకై, ట్రాన్స్‌ఫార్మరువద్ద దానిని కొంచెము ఎత్తుననే నిలుపుట వాడుక. ఇట్టి లైనుమీద కొసయింటివాడు సోలారు పెట్టి, మధ్యాహ్నమున తాను వాడుకొనగా మిగిలిన దానిని వీధిలోనికి పంపదలచినచో, అతని మీటరువద్ద వోల్టేజి వీధి వోల్టేజికన్న హెచ్చుగా ఉండక తప్పదు. పంటకాలువ శివారున మోటారు పెట్టి నీటిని ఎగువకు నెట్టదలచినవాడు ముందుగా శివారునందే నీటిమట్టమును పైకి లేపవలసివచ్చుట వంటిదే ఇది. కాలువ ఎంత ఇరుకో, ఎంత పొడవో, మట్టము అంతగా లేవవలెను.

దీనిని అంకెలలో చూతము. ఇంటినుండి ట్రాన్స్‌ఫార్మరువరకు పోయివచ్చు తీగల నిరోధము మొత్తము 0.4 ఓము అనుకొందము. 5 కిలోవాట్ల శక్తిని 230 వోల్టులవద్ద వెలికి పంపిన యెడల ప్రవాహము సుమారు 22 ఆంపియర్లు. ఓము సూత్రము ననుసరించి వోల్టేజి పెరుగుదల సుమారు 9 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మరు వద్ద అప్పటికే 240 ఉన్నచో ఇంటివద్ద 249 అగును. అదే లైనుమీద ఇరుగుపొరుగువారు మరి ఇద్దరు అట్లే పంపుచున్నచో, వారి ప్రవాహమును ఉమ్మడి తీగలోనే పోవలసియుండుటచేత, ఆ వోల్టేజి ఫ్రిజ్జులకును, టీవీలకును, బల్బులకును హానికరమైన స్థాయికి చేరును. ఆస్ట్రేలియాలో అనుమతింపబడిన గరిష్ఠ వోల్టేజి 253 వోల్టులు. అక్కడి ప్రమాణము ప్రకారము ఇన్వర్టరు ఆ మట్టము దాటినప్పటినుండి తన ఉత్పత్తిని తానే క్రమముగా తగ్గించుకొనవలెను, మరికొంత పెరిగినచో లైనునుండి పూర్తిగా విడిపోవలెను. ఇందొక అన్యాయము గలదు. వోల్టేజి అన్నిటికన్న ముందుగా పెరుగునది లైను కొసనే గనుక, ట్రాన్స్‌ఫార్మరు ప్రక్కనున్న ఇంటి ఇన్వర్టరు నిశ్చింతగా పనిచేయుచుండగా, అదే సొమ్ము పెట్టి అదే యంత్రమును కొన్న కొసయింటివాని ఇన్వర్టరు మండుటెండలో నిలిచిపోవును. ప్రతి సర్వీసుకును ఒక హద్దును నియమించుటలోని ఉద్దేశము, ముందు వచ్చినవాడే తీగ యొక్క సామర్థ్యమునంతను ఆక్రమింపకుండ, వెనుక వచ్చువానికిని భాగముంచుట.

ఆస్ట్రేలియాను ఉదాహరించుటకు కారణమున్నది. అక్కడ మూడిండ్లలో ఒకదానికి మించి సోలారు గలదు. మెల్బోర్ను, సిడ్నీలలో స్థిరపడిన మన తెలుగువారి ఇండ్లును అందులోనివే. సింగిల్ ఫేజు ఇంటికి 5 కిలోవాట్లకు మించి బయటికి పంపరాదను నియమము అక్కడ పలుచోట్ల చిరకాలముగా వాడుకలోనున్నది. దక్షిణ ఆస్ట్రేలియాలో 2020 అక్టోబరు 11 నాటి మధ్యాహ్నము ఒక గంట సేపు ఆ రాష్ట్రపు విద్యుత్ అవసరమునంతను సూర్యశక్తియే తీర్చినది. అందులో 77 శాతము ఇంటికప్పులనుండి వచ్చినదే. మానవుడు ముఖ్యముగా తన మేడమీది ఎండతో ఒక రాష్ట్రమునంతను గంట సేపు నడిపిన ఆ దినము విద్యుచ్ఛక్తి చరిత్రలో స్మరణీయమైనదని నా విశ్వాసము. అయితే ఆ సంపదతోపాటు భయమును వచ్చినది. వాడుకకన్న ఉత్పత్తి మిక్కుటమైనచో గ్రిడ్డు స్థిరత్వమునకే ముప్పు గనుక, 2020 సెప్టెంబరు 28 నుండియే అక్కడ కొత్తగా అమర్చు ప్రతి సోలారును, అవసరము పడినప్పుడు దూరమునుండి ఆపగల ఏర్పాటు కలిగియుండవలెనని నిర్ణయించిరి.

ఇక పెంచుకొనదలచినవాడు మొట్టమొదట తెలిసికొనవలసినది, తనకు విధింపబడిన హద్దు దేనిమీద అనునది. మేడమీది ప్యానెళ్ల కిలోవాట్లు వేరు. ఏకముఖవిద్యుత్తును ఇంటికి పనికివచ్చు ఏకాంతరవిద్యుత్తుగా మార్చు ఇన్వర్టరు కిలోవాట్లు వేరు. మీటరు దాటి వీధిలోనికి పోవు కిలోవాట్లు వేరు. మాటలలో మూడును ‘అయిదు కిలోవాట్ల సోలారు’ అను ఒక్క పేరుతోనే చెలామణి యగుచుండుటచేత, ఒకదానిమీది హద్దును మూడింటిమీదను ఉన్నట్లు భావించి నిరాశ చెందువారు పలువురు. తీగకు బాధ కలిగించునది మూడవది మాత్రమే.

మొదటిదానికిని రెండవదానికిని గల వ్యత్యాసమును చూడుడు. ప్యానెలుమీద వ్రాసిన వాట్లు ప్రయోగశాలలో, చదరపు మీటరునకు 1000 వాట్ల కాంతియు, 25 డిగ్రీల ఉష్ణోగ్రతయు ఉన్నప్పుడు కొలిచినవి. మే నెలలో రెంటచింతల మేడమీద ప్యానెలు లోపలి ఉష్ణోగ్రత 65 డిగ్రీలకు చేరుట అసాధారణము కాదు. సిలికాను ఫలకము వేడెక్కిన ప్రతి డిగ్రీకిని సుమారు 0.35 శాతము శక్తిని కోల్పోవును గనుక, ఆ 40 డిగ్రీల హెచ్చునకు 14 శాతము తగ్గి, 5 కిలోవాట్ల ప్యానెళ్లు 4.3 కిలోవాట్లను మాత్రమే ఈయగలవు. దీనికి ధూళియు, ఏటవాలు కిరణములును, మబ్బులును తోడగును. కావున ఇన్వర్టరు శక్తికి సరిసమానముగా ప్యానెళ్లు పెట్టినవాని ఇన్వర్టరు సంవత్సరములో అధికభాగము సగము ఖాళీగా పనిచేయును. ఆస్ట్రేలియావారు ఈ సత్యమును గ్రహించి, ఇన్వర్టరు శక్తికి 133 శాతము వరకు ప్యానెళ్లను అనుమతించిరి. 5 కిలోవాట్ల ఇన్వర్టరునకు 6.6 కిలోవాట్ల ప్యానెళ్లు అను కూర్పు అక్కడ ఇంటింటి మాటయైపోయినది. మిట్టమధ్యాహ్నమున కొంత శక్తి కోతపడును గాని, ఏడాది మొత్తముమీద అది కొద్ది శాతము మాత్రమే. ఉదయసాయంకాలములందును, మబ్బుదినములందును కలుగు లాభము దానికి ఎన్నో రెట్లు.

ఆ కోతపడిన శక్తి ఎచ్చటికి పోవునని పాఠకునికి సందేహము కలుగవచ్చును. అది ఎచ్చటికిని పోదు, పుట్టనే పుట్టదు. ప్రతి ప్యానెలునకును గరిష్ఠశక్తి నిచ్చు ఒకానొక వోల్టేజి కలదు. ఇన్వర్టరు నిరంతరము దానిని వెదకుచు అచ్చటనే నిలిచియుండును. శక్తిని తగ్గింపవలసినప్పుడు అది వోల్టేజిని ఆ బిందువునుండి పైకి జరపును. అంతట ప్రవాహము సన్నగిలును, విద్యుత్తుగా మారని ఎండ ప్యానెలును మరికొంచెము వేడి చేయును. ఈ గుణమును ఆధారము చేసికొనియే వెలికి పోవు విద్యుత్తునకు కళ్లెము వేయు పద్ధతి ఏర్పడినది. మీటరు వద్ద ప్రవాహమును కొలుచు సీటీ అను ఒక చిన్న పరికరమును తీగ చుట్టును తగిలించి, దాని వార్తను ఇన్వర్టరునకు అందజేసినచో, ఇంటిలో ఎంత వాడుచున్నారో అంతయు యథేచ్ఛగా ఉత్పత్తి చేయుచు, మిగులు మాత్రము నియమితమైన హద్దు దాటకుండ అది క్షణక్షణము సర్దుకొనును. ఇంగ్లండులో ఫేజు ఒక్కింటికి 16 ఆంపియర్లు, అనగా 3.68 కిలోవాట్లు మించినచో ముందుగా అనుమతి పొందవలెను. ఇట్టి కళ్లెమునకు అక్కడ ప్రత్యేకముగా ఒక సాంకేతిక నిబంధనావళియే కలదు.

ప్యానెళ్ల దిక్కును మార్చుట మరియొక ఉపాయము. మన భూభాగమున దక్షిణదిశకు వంచిన ప్యానెళ్లు అన్నియు ఒక్కసారిగా మధ్యాహ్నమున శిఖరమునందుకొనును. కొత్తగా చేర్చువానిని సగము తూర్పునకును, సగము పడమరకును వంచినచో, మొత్తము యూనిట్లు కొంత తగ్గినను, ఒకటి పొద్దున, వేరొకటి సాయంత్రము అధికముగా పనిచేయుటచేత శిఖరము చదునై, హద్దు తగులుట అరుదగును. సాయంకాలము ఏసీ వేసికొను ఇంటికి పడమటి ప్యానెలు ఇచ్చు యూనిట్టు, మధ్యాహ్నమున వీధిపాలగు యూనిట్టుకన్న విలువైనది.

వాడుకనే ఎండవేళకు జరుపుట అన్నిటికన్న చౌకయైన మార్గము. గీజరు, బోరుమోటారు, స్కూటరు చార్జింగు పగటికి మార్చినచో చాలు, తీగమీదికి పోవలసిన భారము అంతమేర తగ్గును. బ్యాటరీ సంగతి వేరు. ఇనుము, ఫాస్ఫేటు కలిసిన లిథియము బ్యాటరీలో 10 యూనిట్లు పెట్టినచో సుమారు 9 తిరిగివచ్చును, అది మంచిదే. కాని బ్యాటరీకి ప్రత్యేకముగా ఇన్వర్టరు పెట్టినచో, దాని సామర్థ్యమును కూడ కలిపి లెక్కించి హద్దు దాటినదని చెప్పు సంస్థలున్నవి. ప్యానెళ్లకును బ్యాటరీకిని ఒక్కటే యగు హైబ్రిడ్ ఇన్వర్టరునందు ప్యానెలునుండి వచ్చు విద్యుత్తు ఏకముఖరూపముననే తిన్నగా బ్యాటరీకి పోవును. కాగితముమీద ఇన్వర్టరు 5 కిలోవాట్లుగనే యుండగా, మేడమీదినుండి అంతకు మించిన శక్తి ఇంటిలోనికి వచ్చి దాగును.

త్రీ ఫేజు సర్వీసునకు మారుటకు ఖర్చున్నను, దాని ఫలితము పలువురు ఊహించినదానికన్న గొప్పది. ఒకే మందము గల తీగలలో ఒకే శక్తిని మూడు ఫేజులందును సమముగా పంచి పంపినచో, వోల్టేజి పెరుగుదల మూడవవంతు కాదు, ఆరవవంతే అగును. ఏలయన ప్రవాహము మూడు పాయలగుటయే గాక, మూడును న్యూట్రలు తీగలో ఒకదాని నొకటి రద్దు చేసికొనుటచేత తిరుగుత్రోవ నిరోధము లెక్కనుండి తొలగిపోవును.

పాత ప్యానెళ్లకు కొత్తవి చేర్చుటలో పొరపాటు పడినచో కలుగు నష్టము బిల్లుతో పోవునది కాదు. పదేండ్లనాటి 330 వాట్ల ప్యానెలు సుమారు 9 ఆంపియర్లను, ఇప్పటి 545 వాట్లది సుమారు 13 ఆంపియర్లను ఇచ్చును. రెండింటిని ఒకే వరుసలో కలిపినచో బలవంతుడు బలహీనుని అడుగు ననుసరించి నడవవలెను. కనుక కొత్తవానిని ఇన్వర్టరు యొక్క వేరొక ద్వారమునకు వేరు వరుసగా కలుపవలెను. అంతకన్న ప్రమాదకరమైనది చలి. ఒక్కొక్కటి 50 వోల్టుల ప్యానెళ్లు పదునొకండు వరుసగా కలిపినచో 550 వోల్టులు. 600 వోల్టుల ఇన్వర్టరునకు ఇది సురక్షితమే. ఇంకొకటి చేర్చినచో సరిగా 600 గదా యని చేర్చినవాడు, ఆదిలాబాదు ప్రాంతమున ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగిన పుష్యమాసపు ఉదయమున, సిలికాను చల్లబడినకొలది వోల్టేజి హెచ్చును గనుక, అది 630 దాటి ఇన్వర్టరును కాల్చివేయుట చూచును.

మన దేశమున 2024 లో ప్రారంభమైన సూర్యఘర్ పథకము 3 కిలోవాట్లు మొదలుకొని ఆపైవానికి 78,000 రూపాయల సబ్సిడీ నిచ్చుచుండుటచేత పలువురు ఆ మూడింటివద్దనే ఆగిరి. పెంపు కోరిక వారికే ముందుగా కలుగును. 2024 ఫిబ్రవరిలో సవరింపబడిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు, 10 కిలోవాట్ల వరకు దరఖాస్తులను సాంకేతిక పరిశీలన లేకయే అంగీకరించినట్లు భావింపవలెననియు, అందుకు తగినట్లు మంజూరు లోడును పంపిణీసంస్థయే పెంచవలెననియు, 5 కిలోవాట్ల వరకు లైనును ట్రాన్స్‌ఫార్మరును బలపరచు ఖర్చును సంస్థయే భరింపవలెననియు చెప్పుచున్నవి. గృహస్థునికి ఇది ఎన్నదగిన హక్కు. దానిని తెలిసి అడుగువారు ఇంకను పెరుగవలెను. అయినను నిబంధన తీగ నిరోధమును తగ్గింపజాలదు. దక్షిణ ఆస్ట్రేలియాలో ఇప్పుడు స్థిరముగా 1.5 కిలోవాట్ల హద్దునైనను, లేక తీగ పరిస్థితిని బట్టి ఎప్పటికప్పుడు ఇంటర్నెట్టు ద్వారా మారుచు 10 కిలోవాట్ల వరకు పోగల హద్దునైనను ఎన్నుకొను వీలు కల్పించిరి. ఇరుకుగా ఉండు గంటలు స్వల్పమే గనుక, ఆ కొద్ది గంటలకై ఏడాదియంతయు అందరి చేతులు కట్టివేయుటకన్న ఇది న్యాయముగా నున్నది. మన పంపిణీసంస్థలును ఈ దారి పట్టవలెనని నేను మనసార కోరుచున్నాను.

ఆ ఇరుకు గంటలు ఏ ఋతువున వచ్చునో గమనింపుడు. దక్షిణ ఆస్ట్రేలియా రికార్డు నెలకొన్న అక్టోబరు అక్కడ వసంతము. ఏసీలును, హీటర్లును నిద్రించు కాలము. నిర్మలమైన ఎండ, చల్లని ప్యానెలు. మన యందు మే నెల మధ్యాహ్నము ప్యానెలు వేడికి క్రుంగును, ఏసీ ఆ వచ్చినదానినంతను మ్రింగును, వీధికి పోవునది స్వల్పము. అదే సంక్రాంతినాళ్ల మధ్యాహ్నమున ఆకాశము తేటగానుండి, ప్యానెలు తన పేరునకు దగ్గరగా పనిచేయును. ఇంటిలో ఫ్యాను కూడ తిరుగదు. ఎన్ని కిలోవాట్లు చేర్చవలెనో లెక్కవేయువారు మే నెల బిల్లును ముందుంచుకొనుట పరిపాటి. తీగ మోయగలదా యను ప్రశ్నకు మాత్రము, జనవరిలో ఒక సెలవునాటి మధ్యాహ్నము మీటరు వద్ద వోల్టేజిని కొలిపించి చూచుకొనవలెను.