థైరాయిడ్ వాపు ఉన్నవారు గమనించుకోవలసిన సంగతులు

"సిస్టర్, నాకు థైరాయిడ్ ఉందట" అని చాలామంది భయంభయంగా చెబుతుంటారు. థైరాయిడ్ అందరికీ ఉంటుంది. మెడ ముందు భాగంలో, కాలరు ఎముకలు కలిసేచోట ఉండే గుంటకు కొంచెం పైన, శ్వాసనాళాన్ని ఆనుకుని సీతాకోకచిలుక ఆకారంలో దేవుడు అమర్చిన చిన్న గ్రంథి అది. పెద్దవారిలో దాదాపు 20 గ్రాములు తూగుతుంది. అది పెరిగి పైకి ఉబ్బితే గాయిటర్ అంటాము. గళగండం అన్నది పాత పేరు.

ముందుగా ఒక సంగతి గ్రహించండి. గ్రంథి ఎంత పెరిగింది అన్నది ఒక విషయం, అది ఎలా పని చేస్తోంది అన్నది మరొక విషయం. మెడ నిండా వాపు ఉన్న మనిషికి హార్మోను సరిగ్గా ఉండవచ్చు. వాపే కనబడని మనిషికి గ్రంథి బాగా మందగించి ఉండవచ్చు. కాబట్టి రక్తపరీక్ష బాగుందని వాపును వదిలేయకూడదు, వాపు తగ్గలేదని మాత్రలు మానకూడదు. ఓపీలో మేము చూసే చిక్కుల్లో చాలావాటికి ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడమే కారణం.

వాపు ఎందుకు వస్తుంది? అయోడిన్ చాలకపోవడం ఒక కారణం. శరీరంలోని రక్షణ కణాలే పొరపాటున గ్రంథిపై దాడి చేయడం, గ్రంథిలో గడ్డలు ఏర్పడటం ఇతర కారణాలు. అయోడిన్ సంగతి దేశానికి రుజువు చేసిన వారిలో మన తెలుగువాడు ఒకరు ఉన్నారు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖలోని ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వి. రామలింగస్వామి 1956లో, నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో అధ్యయనం మొదలుపెట్టారు. కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు సరఫరా చేయించి చూశారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట వాపులు బాగా తగ్గాయి. 1962లో గాయిటర్ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలైంది.

మన ఇళ్ళలో కళ్ళుప్పు వాడకం ఎక్కువ. ఉప్పు కొఠార్ల నుంచి నేరుగా వచ్చే కళ్ళుప్పులో అయోడిన్ కలిపి ఉండకపోవచ్చు. అందుచేత రోజూ వండే కూరకు, చారుకు అయోడిన్ ఉప్పు ప్యాకెట్ చూసి కొనండి. మూత బిగించి, పొయ్యికి దూరంగా పెట్టండి. అలాగని వాపు ఉంది కదా అని అయోడిన్ మాత్రలు, చుక్కల మందులు సొంతంగా వాడకండి. ఏళ్ళ తరబడి గడ్డలున్న గ్రంథికి ఒక్కసారిగా ఎక్కువ అయోడిన్ అందితే అది అదుపు తప్పి పని చేయవచ్చు. క్యాబేజీ, కాలీఫ్లవర్ గురించి భయం మాత్రం అవసరానికి మించినది. వండుకుని మామూలుగా తింటే హాని లేదు.

ఇంట్లో చూసుకునే విధానం

నెలకొకసారి చాలు. అద్దం ముందు నిలబడి, తల కొంచెం వెనక్కి వాల్చి, ఒక గుక్క నీళ్ళు మింగండి. మింగేటప్పుడు పైకి కదిలే ఉబ్బు థైరాయిడ్‌ది కావచ్చు. రోజూ తడుముతూ నొక్కుతూ కూర్చోవద్దు, దానివల్ల దిగులు తప్ప ప్రయోజనం లేదు. మెడను పట్టి ఉండే నల్లపూసలు బిగుతుగా అనిపించినా, చొక్కా పై గుండీ పట్టకపోయినా ఆ తేదీ రాసి పెట్టుకోండి.

వాపు త్వరత్వరగా పెరిగినా, గొంతు బొంగురుపోయి రెండు మూడు వారాలైనా తగ్గకపోయినా, ముద్ద మింగడం కష్టమైనా, మెడ పక్కన వేరే గడ్డలు తగిలినా వెంటనే డాక్టరుకు చూపించాలి. పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చోవలసి వచ్చినా, చేతులు రెండూ పైకెత్తితే ముఖం కందిపోయి ఉక్కిరిబిక్కిరి అయినా లోపలికి పెరిగిన గ్రంథి నొక్కుతోందేమో చూడాలి. అప్పుడు తర్వాతి అపాయింట్‌మెంటు కోసం ఆగవద్దు. పసరు కట్టు, వాతలు, మర్దనా వీటిలో ఏదీ వాపును తగ్గించదు. వాత మచ్చ మాత్రం మిగులుతుంది.

పరీక్షలు

గ్రంథి పనిని తెలిపేది టి.ఎస్.హెచ్. రక్తపరీక్ష. ఈ అంకె ఎక్కువగా ఉంటే గ్రంథి ఎక్కువ పని చేస్తోందని చాలామంది తారుమారుగా అనుకుంటారు. పిలిస్తే పలకని పిల్లవాణ్ని తల్లి గొంతు పెంచి పిలుస్తుంది కదా, అలాగే థైరాయిడ్ మందగించినప్పుడు మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి టి.ఎస్.హెచ్. పెంచుతుంది. మాత్ర మోతాదు మార్చిన 6 నుంచి 8 వారాలకు పరీక్ష చేయించాలి, అంతకు ముందు చేయిస్తే డబ్బు దండగ. ఫలితం కుదురుకున్నాక 6 నెలలకో ఏడాదికో ఒకసారి సరిపోతుంది. మందు అక్కరలేని వాపు ఉన్నవారు కూడా ఏడాదికొకసారి చూపించుకోవాలి, ఎందుకంటే గడ్డలున్న గ్రంథి కొన్నేళ్ళకు అతిగా పని చేయడం మొదలుపెట్టవచ్చు. గుండెదడ, చేతుల వణుకు, బాగా తింటున్నా చిక్కిపోవడం దానికి గుర్తులు. జుట్టుకోసం బయోటిన్ మాత్రలు వాడేవారు రక్తపరీక్షకు ముందు ఆ మాట చెప్పండి. అవి ఫలితాన్ని తప్పుగా చూపించగలవు.

వాపు కొలతకు అల్ట్రాసౌండ్ స్కానింగ్. మళ్ళీ ఎప్పుడు తీయాలో గడ్డ తీరును బట్టి డాక్టరు చెబుతారు. పాత రిపోర్టు తప్పక వెంట తీసుకురండి, అది లేకపోతే పెరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకు నిద్ర మానుకోకండి, అది కొలిచే చేతిని బట్టి కూడా వస్తుంది. అవసరమైతే సన్నని సూదితో కణాలు తీసి పరీక్షిస్తారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న మాట నమ్మవద్దు. థైరాయిడ్ గడ్డల్లో నూటికి తొంభైకి పైగా క్యాన్సర్ కానివే.

మాత్రల విషయం

థైరాక్సిన్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట తర్వాత కాఫీ, టిఫిన్ తీసుకోండి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. హార్మోను మామూలుగా ఉన్నవారికి వాపు తగ్గడం కోసమని ఈ మాత్ర ఇప్పుడు సాధారణంగా ఇవ్వరు. కాబట్టి పక్కింటావిడ సీసాలోంచి అడిగి వేసుకోవద్దు. అతిగా పని చేసే గ్రంథికి కార్బిమజోల్ వాడేవారికి జ్వరం, గొంతు నొప్పి వస్తే మాత్ర ఆపి, అదే రోజు ఆసుపత్రికి వచ్చి తెల్ల రక్తకణాల పరీక్ష చేయించుకోవాలి.

ప్రార్థన చేయించుకున్నాము, ఇక మాత్ర ఎందుకని మానేసేవారు ఉన్నారు. ప్రార్థించండి, మాత్రా వేసుకోండి. సువార్త రాసిన లూకా వైద్యుడే కదా.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట

పెళ్ళిచూపులకు మెడ మీద చున్నీ కప్పి వాపు దాచడం, అత్తవారింట్లో తెలుస్తుందని మాత్రల సీసా పుట్టింట్లోనే వదిలి వెళ్ళడం మేము చూస్తూనే ఉన్నాము. నెల తప్పిన సంగతి తెలిసేసరికి ఆ అమ్మాయి మందు మాని మూడు నాలుగు నెలలై ఉంటుంది. కడుపులోని బిడ్డకు మొదటి మూడు నెలలు సొంత థైరాయిడ్ హార్మోను ఉండదు, తల్లి నుంచే అందాలి. బిడ్డ మెదడు రూపుదిద్దుకునేది ఆ నెలల్లోనే. దాచిన సంగతికి వెల ఎవరు చెల్లించాలో ఆలోచించండి. ఈ మాత్ర వేసుకునే స్త్రీ గర్భం ధరించి బిడ్డను కని, పాలిచ్చి పెంచడానికి ఏ ఆటంకమూ లేదని సంబంధం కుదిరినప్పుడే రెండు వైపుల పెద్దలకు చెప్పండి. అవసరమైతే వారిని మా దగ్గరకు తీసుకురండి, మేము చెబుతాము.

గర్భం అని తెలిసిన వారంలోనే డాక్టరును కలవాలి. థైరాక్సిన్ మోతాదు సాధారణంగా పెంచవలసి వస్తుంది, సగం నెలలు నిండేవరకు నాలుగు వారాలకొకసారి టి.ఎస్.హెచ్. చూస్తారు. కార్బిమజోల్ వాడేవారు గర్భానికి ముందే చెబితే మందు మారుస్తారు. కాన్పు అయ్యాక మోతాదు తిరిగి తగ్గిస్తారు, ఆరు వారాలకు తల్లికి మరల పరీక్ష ఉంటుంది. బిడ్డకు పుట్టిన రెండు మూడు రోజుల్లో మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్ష చేయమని అడగండి. బిడ్డకు లోపం ఉన్నా మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెడితే అందరు పిల్లల్లాగే ఎదుగుతుంది.